పొట్ట ముందుకేసిన గోడ

మా లాంచీ మీద ఏ కథైనా రెండుసార్లు చెప్పాలి. అది నా చాదస్తం కాదు, లాంచీ పెట్టిన రూలు. సాయంత్రం ఐదింటికి రేవులో బయలుదేరి, ఏటికి ఎదురెక్కి పాత వంతెన దాకా పోయి, పొద్దు గుంకే వేళకి తిరిగి వస్తాం. పోయేటప్పుడు పాత ఊరు ఎడమ చేతి వైపు ఉంటుంది, వచ్చేటప్పుడు కుడి చేతి వైపుకి వస్తుంది. ఎడమ బల్లల వాళ్ళు పోతూ చూస్తారు, కుడి బల్లల వాళ్ళు వస్తూ చూస్తారు. అందరూ ఒకే వైపుకి ఎగబడతామంటే కుదరదు. ఒకసారి ఒక పెళ్ళివారి గుంపు అలాగే ఎగబడితే లాంచీ పక్కకి ఒరిగిపోయి, ఏట్లోంచి ఓ చేప ఎక్కొచ్చి పెళ్ళికొడుకు పక్కన కూర్చుంది. మర్యాద తెలిసిన చేప, ఫోటో దిగి మరీ వెళ్ళింది. అప్పట్నుంచి ఎవరి బల్ల మీద వాళ్ళే కూర్చోవాలని బోర్డు రాయించాం.

లాంచీ నడిపే సరంగు స్వయానా మా ఆవిడ తమ్ముడు. మైకు పట్టుకుని ఊరి సంగతులు చెప్పేది నేను. వాడు నన్ను బావా అని పిలుస్తాడు. ఆ పిలుపు తప్ప వాడి దగ్గర నాకు వేరే మర్యాదేమీ లేదు. చదువంటారా, మా పల్లెలో పంతులుగారు ఐదో తరగతి దాకా చెప్పి, "ఇంక నీకు నేను చెప్పేదేం లేదురా, నువ్వే నాకు చెబుతున్నావు" అని ఇంటికి పంపించేశారు. కాబట్టి రేవు వీధి చరిత్ర నేను పుస్తకాల్లో చదివింది కాదు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నేనే కట్టుకుంటూ పోయాను.

గడియారం స్తంభానికి నాలుగు మొహాలు, నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళు ఉత్తరం వైపు నుంచీ, తొందరగా ఇంటికి పోదామనుకునేవాళ్ళు దక్షిణం వైపు నుంచీ నడుస్తారని చెబుతాను. అందులో అబద్ధం సగమే. సుంకాల కచేరీలో పూర్వం ఒక అధికారి పొగమంచు మీద కూడా పన్ను వేశాడనీ, జనం మంచులో ఊపిరి బిగబట్టి నడిచేవాళ్ళనీ చెబుతాను. అందులో నిజం వెతక్కండి.

వీటన్నిటికంటే పేరున్నది వంకర గోడ. స్తంభాల బ్యాంకు దాటాక ఏరు మలుపు తిరుగుతుంది. అక్కడ ఒడ్డు పొడుగునా మూడు నిలువుల ఎత్తున రాతి గోడ ఉంది. ఇటూ అటూ గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది కానీ, మధ్యలో ఓ నలభై అడుగుల మేర ఏటి వైపుకి ఉబ్బి ఉంటుంది. తిన్నగా నిలబడ్డ పోలీసుల వరసలో ఒక్కడు పొట్ట ముందుకేసి నిలబడితే ఎలా ఉంటుందో అలాగ.

దాని గురించి నేను పన్నెండేళ్ళుగా చెప్పే కథ ఇది. ఈ గోడ కట్టిన మేస్త్రీ పొద్దున్నే ఒక సీసా, మధ్యాహ్నం రెండు సీసాలు తాగేవాడు. దారం కట్టి చూస్తే దారమే వంకరగా కనిపించింది. "నువ్వెప్పుడు తాగావే?" అని దారాన్ని తిట్టి అవతల పారేశాడు. ఇంటికి పోతే పెళ్ళాం తలుపు తియ్యలేదు. చేసేది లేక వచ్చి గోడ పక్కనే పడుకున్నాడు. పాపం గోడకి జాలేసి, పక్కకి జరిగి మేస్త్రీకి చోటిచ్చింది. ఆ ఒంపు అదే.

ఎడమ బల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవి, తిరిగొచ్చేటప్పుడు కుడి బల్లలు నవ్వేవి. ఆ నవ్వు కోసమే మళ్ళీ మళ్ళీ టికెట్టు కొనుక్కున్నవాళ్ళున్నారు. కథ లాంచీ దిగి ఊళ్ళోకి కూడా వెళ్ళిపోయింది. ఆటోవాళ్ళు దాన్ని తాగుబోతు గోడ అన్నారు. బస్సు కండక్టర్లు, "తాగుబోతు గోడ! దిగేవాళ్ళున్నారా?" అని కేకేయడం మొదలుపెట్టారు. స్టాపు బోర్డు మీద వేరే పేరేదో ఉంది, అది చదివినవాడు లేడు. నాకు లోలోపల ఎంత పొంగు వచ్చిందంటే, ఊరికి పేరు పెట్టిన రాజు కూడా అంత పొంగి ఉండడు.

ఆ శనివారం ఎడమ వైపు మొదటి బల్ల మీద ఒక ముసలి జంట కూర్చుంది. ఆయనకి డెబ్బై ఐదుంటాయి. మోకాలికి పట్టీ, చేతిలో కర్ర. చేతులు మాత్రం మనిషికి రెండింతలున్నాయి. వేళ్ళు వంగి, గోళ్ళ చుట్టూ తెల్లటి గీతలు, ఎంత కడిగినా పోని సున్నం గీతలు. ఆవిడ సన్నగా, నిటారుగా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పరీక్షకి వచ్చిన పిల్లలా కూర్చుంది.

గోడ వచ్చింది. నేను కథ ఎత్తుకున్నాను. దారాన్ని తిట్టే చోట నవ్వారు, తలుపు తియ్యని చోట ఇంకా నవ్వారు, గోడ జరిగే చోట లాంచీ ఊగింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ ముసలాయన. నవ్వడమే కాదు, కర్ర ఆనించుకుని సగం లేచి, అటూ ఇటూ తిరిగి అందరికీ చెయ్యెత్తి నమస్కారాలు పెట్టాడు. తాగుబోతు మేస్త్రీ కథకి ఈయన ఎందుకు సన్మానం అందుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. పక్కనున్న ఆవిడ ఆయన చెవిలో ఏదో అరిచి, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ మొహంలో నవ్వన్నది లేదు.

వంతెన దగ్గర లాంచీ పది నిమిషాలు ఆగుతుంది. జనం టీలు తాగుతారు. నేను మైకు పక్కన పెట్టి బల్లల మధ్యకి వచ్చాను.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఒకసారి ఇలా రా" అంది ఆవిడ.

"చెప్పండక్కయ్యా."

"అక్కయ్య సంగతి తర్వాత. ఆ గోడ కట్టినాయన పెళ్ళాం తలుపు తియ్యలేదన్నావే, ఎప్పుడు తియ్యలేదో చెప్పు."

"అదేదో సరదాకి..."

"నలభై తొమ్మిదేళ్ళు! ఏ వేళప్పుడొచ్చినా ఆయన తలుపు కొట్టకముందే తీశాను. అడుగుల చప్పుడు బట్టి తెలిసేది నాకు. నేను తలుపు తియ్యలేదట!"

ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూసి చల్లగా నవ్వాడు.

"ఆయన... తాగుతారా?" అన్నాను, ఇంకేం అడగాలో తోచక.

"పాలు తాగుతాడు. అవి కూడా నేను చల్లార్చి ఇవ్వాలి."

నేను నీళ్ళు నమిలాను. అంత పెద్ద ఏటి మీద ఉన్నాను, నమలడానికి నీళ్ళకేం కొదవ.

"నవ్వారు కదండీ ఆయన" అన్నాను.

"వినిపిస్తేగా! రాళ్ళు కోసే మిషన్ల దగ్గర చెవులు పోయాయి. అందరూ ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, నీ గోడ భలే ఉందని మెచ్చుకుంటున్నారు అన్నాను. పన్నెండేళ్ళుగా ఇదే పని నాకు. కండక్టరు అరుస్తాడు, బస్సంతా నవ్వుతుంది, ఏమిటే అంటాడు, ఏదో ఒకటి చెబుతాను. నీ ఒక్క అబద్ధం కప్పిపెట్టడానికి నీకంటే ఎక్కువ అబద్ధాలు ఆడానయ్యా నేను."

"మరి తెలిసి తెలిసి ఈ లాంచీ ఎందుకెక్కించారండీ?"

"వచ్చే మంగళవారం ఆయనకి చెవి మిషన్ పెడుతున్నారు." ఆవిడ గొంతు అప్పటిదాకా గట్టిగా ఉన్నది కాస్తా తగ్గింది. "గోడని నీళ్ళ మీదనుంచి చూడాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. చెవులు రాకముందే చూపించేద్దామని తీసుకొచ్చాను. ఇవాళ్టికి నేను చూసుకుంటాను. మంగళవారం తర్వాత నా వల్ల కాదు. నీ నోటితో పెట్టిన పేరు, నీ నోటితోనే తీసెయ్యాలి."

ఇంతలో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు తెలియదు కదా, వంతెన మీద పోయేవాళ్ళకి కూడా వినపడేట్టు అన్నాడు:

"బాగా చెప్పావు తమ్ముడూ! మా ఆవిడ చెప్పింది. కానీ ఈవిడ అన్నీ సగం సగం చెబుతుంది. తిరిగెళ్ళేటప్పుడు మళ్ళీ చెబుతావటగా? నీ స్పీకరు పెట్టె పక్కన కూర్చుంటాను. చెవి ఆనిస్తే వినిపిస్తుంది నాకు. నా గోడ గురించి నా చెవులతో వినాలి ఒక్కసారి."

ఆవిడ కళ్ళు మూసుకుంది.

నేను పన్నెండేళ్ళలో ఎన్నడూ అడగని ప్రశ్న అప్పుడు అడగాల్సి వచ్చింది. ఆయన చెవిలో అరిస్తే లాంచీ అంతా వింటుంది. అందుకని చేత్తో గాల్లో గోడ ఒంపు గీసి, ఎందుకని వేళ్ళు తిప్పాను. ఆయన మొహం వెలిగింది. టీ గ్లాసు తీసి, బల్ల చెక్క మీద కాస్త టీ ఒలికించాడు. అది పల్లానికి పారుతుంటే చెక్క ముక్క ఒకటి అడ్డం పెట్టాడు. టీ చెక్కకి కొట్టుకుని, అక్కడే గిర్రున తిరిగి, చెక్క కిందకి దూరింది. తర్వాత చెక్క తీసి తన బొటనవేలు పెట్టాడు. టీ వేలి గుండ్రాన్ని రాసుకుంటూ పక్కకి తప్పుకుని, బల్ల మధ్యకి పోయింది.

"తిన్నగా కడితే సుడి తిరిగి పునాది కింద మట్టి తవ్వేస్తుంది. రెండుసార్లు అలాగే పడిపోయింది పాతది. పొట్ట పెడితే నీళ్ళు పొట్ట రాసుకుని నడి ఏట్లోకి పోతాయి. అంతే తమ్ముడూ, ఇందులో గొప్పేం లేదు."

ఒలికిన టీ తన జేబురుమాలుతో శుభ్రంగా తుడిచాడు. నేను సరంగు దగ్గరకి పరిగెత్తాను. నా వయసుకి దాన్ని పరుగని నేనే అనాలి.

"ఒరేయ్, కొంప మునిగింది" అని జరిగిందంతా చెప్పాను.

వాడు చుక్కాని మీద చెయ్యి తియ్యకుండా విన్నాడు. "మునగనీ బావా, లాంచీ మునక్కపోతే చాలు. స్పీకరు వైరు పీకెయ్. పాడైందని చెప్పు. అబద్ధం చెప్పడం నీకేమన్నా కొత్తా?"

"కుడి బల్లల వాళ్ళు ఊరుకుంటారా? ఎడమ వైపు నవ్వింది విన్నారు. ఇందాకే ఒకాయన, మా వంతెప్పుడు అని అడిగాడు."

"వాళ్ళు నిన్ను ఏట్లోకి తోస్తే నేను తాడు వేస్తాలే. అక్కకి మాటిచ్చాను కాబట్టి వేస్తాను."

వైరు చేతిలోకి తీసుకున్నాను. పీకేవాణ్ణే. తల తిప్పి చూస్తే ఆయన అప్పటికే పెట్టె పక్కన ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకుంటున్నాడు. జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ చెవి మీదనుంచి వెనక్కి దువ్వుకున్నాడు, చెవికి ఏదీ అడ్డం రాకుండా. వైరు ఎక్కడిదక్కడ వదిలేశాను.

లాంచీ మళ్ళింది. ఎండ పల్చబడి ఏరంతా రాగి బిందెలా మెరుస్తోంది. మామూలుగా ఆ వేళకి నా నోరు దానంతటదే నడుస్తుంది, నేను లోపల కూర్చుని కునుకు కూడా తీయగలను. ఆ రోజు ఒక్కో మాటా తోసుకుంటూ బయటికి తేవాల్సి వచ్చింది. పాత వంతెన గురించి ఏం చెప్పానో నాకే తెలియదు. ఎవరూ నవ్వలేదు. మలుపు వచ్చేసింది.

ఆయన రెండు చేతులతో స్పీకరు పెట్టె పట్టుకుని, చెవి దానికి ఆనించి, కళ్ళు గోడ మీద పెట్టాడు. వెనక బల్ల మీద ఆవిడ చేతిసంచీ పిడి మెలిపెడుతోంది.

"అయ్యా, అమ్మా, కుడి బల్లల వాళ్ళూ, ఇదిగో వంకర గోడ. ఈ గోడ కట్టిన మేస్త్రీ పొద్దున్నే ఒక..."

అలవాటైన నోరు! సీసా పళ్ళ దాకా వచ్చేసింది. దాన్ని మింగేశాను.

"...ఒక చేటెడు ఊక పట్టుకుని ఏటి గట్టుకి వచ్చాడు."

ఊక ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. నోరు ఆగకూడదు కాబట్టి వచ్చింది. "ఊక నీళ్ళలో చల్లి, అది ఎటు పోతుందో చూస్తూ తొమ్మిది రోజులు తిండీ నిద్రా లేకుండా కూర్చున్నాడు. పదో రోజు ఏరే విసుగెత్తి లేచి, ఆయన ఇంటికి వెళ్ళి తలుపు కొట్టింది. ఇల్లాలు తలుపు తీసింది. ఆవిడ ఎప్పుడూ తీస్తుంది, కొట్టకముందే తీస్తుంది. 'అమ్మా, మీ ఆయన నావైపు అలా చూస్తూ కూర్చుంటే నాకు సిగ్గుగా ఉంది, నేనెటు తిరగాలో నేనే చెప్పేస్తాను' అంది ఏరు..."

కుడి బల్లల మీద నవ్వు మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అబద్ధం!" అని పెట్టె దగ్గర కేక వినిపించింది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "ఏరు మా ఇంటికి రాలేదు! మా ఇల్లు మిట్ట మీద. ఏరొస్తే ఊళ్ళో ఎవరూ మిగలరు."

నవ్వు రెట్టింపైంది. ఆయన నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అంత పెద్ద చేతిలో మైకు దువ్వెనలా కనిపించింది.

"ఊక కాదు, రంపపు పొట్టు. కానీ ఆలోచన అదే, ఎవరు చెప్పారో ఈ తమ్ముడికి. తొమ్మిది రోజులు కాదు, పదకొండు. తిండి మానలేదు, మా ఆవిడ పంపించేది. ఇంజనీరుగారు కాగితం మీద తిన్నటి గీత గీశారు. మంచి గీతే. కాగితం మీద నీళ్ళు లేవు, అంతే."

ఈసారి నవ్విన నవ్వు నేనెప్పుడూ వినలేదు. మొహమాటంగా మొదలై, మెచ్చుకోలుగా మారింది. ఆయన నవ్వుల్ని పట్టించుకోలేదు. అసలు వినిపించలేదేమో.

"ఆయనతో వాదులాడాను. పడిపోతే మళ్ళీ తాపీ పట్టనని రాసిచ్చాను. అటు పక్క గోడ తర్వాత రెండుసార్లు పడింది, మళ్ళీ కట్టారు. ఇటు పక్కది ఒకసారి. మధ్యది ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అలాగే ఉంది. నేనొక్కణ్ణే కాదు, తొమ్మిది మందిమి కట్టాం. పరంజా తెప్ప మీద వేసుకుని, నీళ్ళ మీదనుంచి కట్టాం. అంతే."

ఎడమ వైపు బల్లల్లోంచి ఒక లావుపాటాయన నా వైపు వేలు చూపిస్తూ లేచాడు. "అదేంటి తాతా, పోయేటప్పుడు మాకు తాగుబోతని చెప్పావ్ కదా! ఏది నిజం?"

మేస్త్రీ ఇంకా గోడ వైపే చూస్తున్నాడు. లావుపాటాయన మళ్ళీ గొంతు సవరించుకునే లోపల ఆవిడ లేచింది.

"మీ వైపు చెప్పింది అబద్ధం నాయనా, ఆ వైపు చెప్పింది నిజం. ఒక్క టికెట్టు మీద రెండూ విన్నారు. ఇంకా ఏం కావాలి, కూర్చో."

ఆయన కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మేస్త్రీని చూశారు, ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు. నన్ను చూసినప్పుడు చూపు కాస్త వేరుగా ఉంది. పల్చటి ఎండ ఏటవాలుగా పడి, గోడ పొట్ట మీద ఒక్కో రాతి వరసా విడివిడిగా కనిపిస్తోంది. పన్నెండేళ్ళుగా దాని ముందునుంచే పోతున్నాను. ఆ వరసలు ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

రేవులో దిగేటప్పుడు ఆయన నా భుజం తట్టి వెళ్ళాడు. ఆవిడ మాత్రం ఒక్క క్షణం ఆగి, "మంగళవారం, నాలుగింటి బస్సు" అంది.

మధ్యలో రెండే రోజులు. ఊళ్ళోకి వదిలిన పేరుని వెనక్కి పిలవడం ఎంత కష్టమో నన్నడగండి. లాంచీకి సెలవు పెట్టి, మా బావమరిదిని వెంటేసుకుని ఆ బస్సులే ఎక్కి దిగాను. కండక్టరు కేకేసే లోపలే ఇద్దరం, "పొట్ట గోడ! పొట్ట గోడ ఆపండి!" అని అరిచేవాళ్ళం. ఊరికే పేరు మార్చమంటే ఎవడు మారుస్తాడు? కేకేయడానికి కొత్తది బాగుండాలి. మొదటి రోజు, "ఈ ముసలాళ్ళకి ఏమైంది?" అన్నారు. రెండో రోజుకి ఒక కండక్టరు తన పొట్ట తడుముకుంటూ, "నా గోడ వచ్చింది, దిగండి" అన్నాడు. ఆటో స్టాండులో టీలు పోయించి ఒక్కొక్కరికీ అసలు కథ చెప్పాను, రంపపు పొట్టుతో సహా. మా బావమరిది మాత్రం, "నిజం చెప్పడానికి నీకింత చెమట పట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు బావా" అని రోడ్డు మీదే పడీ పడీ నవ్వాడు.

మంగళవారం నాలుగింటికి గోడ దగ్గర స్టాపులో నిలబడ్డాను. బస్సాగింది. కండక్టరు "పొట్ట గోడ!" అని కేకేయడం నా చెవులతో విన్నాను. ముందు ఆవిడ దిగింది, తర్వాత మేస్త్రీ. చెవి వెనక చిన్న మిషను. ఆటో హారన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు, ఉలిక్కిపడి నవ్వుతున్నాడు.

"ఏం తమ్ముడూ, నీ గొంతు ఇంత సన్నగా ఉంటుందా? లాంచీలో లావుగా ఉందే!" అన్నాడు.

అంతా సవ్యంగా జరిగిపోయిందనుకున్నాను. అప్పుడే మా వెనకనుంచి ఒకాయన పెట్టె మోసుకుంటూ వచ్చి, "తాగుబోతు గోడ ఇదేనాండీ?" అని అడిగాడు.

"ముందుకెళ్ళండి" అని ఆవిడ ఆయన్ని దాదాపు తోసేసింది. కానీ మేస్త్రీ విన్నాడు. కొత్త చెవులు కదా, ఏదీ వదలవు.

"తాగుబోతు గోడా? అదేంటి, ఇక్కడ ఇంకో గోడుందా? ఎవడు కట్టాడు? ఎంత తాగి కట్టాడో చూడాలి. పద తమ్ముడూ, ఎక్కడుందో చూపించు."

అది తన గోడని ఆయనకి తట్టనే లేదు. ఎలా తడుతుంది?

ఆవిడ నా వైపు చూసింది. నన్ను ఏదీ చెప్పమనలేదు, ఏదీ చెప్పొద్దనలేదు. నా నాలుక చివర అప్పటికే ఒక గోడ తయారై నిలబడి ఉంది. మార్కెట్టు వెనక, గిడ్డంగి పక్కన, గోడ కట్టిన మనిషీ, అతని బావమరిదీ, వాళ్ళ గొడవా, అన్నీ తలుపులూ కిటికీలతో సహా. నోరు తెరిస్తే చాలు.

"ఇంకో గోడ లేదన్నయ్యా" అన్నాను. "అది మీ గోడకి నేను పెట్టిన పేరు. పన్నెండేళ్ళయింది. లాంచీలో అందరూ నవ్వింది దానికే. మీరు తాగి కట్టారని చెప్పాను. అక్కయ్య తలుపు తియ్యలేదని చెప్పాను. ఏదీ నాకు తెలియదు, ఎవర్నీ అడగలేదు. జనం నవ్వుతారని చెప్పాను."

ఆయన చెయ్యి చెవి దగ్గరకి వెళ్ళింది. మిషను తీసేస్తాడేమో అనుకున్నాను. తియ్యలేదు, సర్దుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"బస్సులో నవ్వేది అందుకా?"

"అందుకే."

"పన్నెండేళ్ళు నువ్వొక్కదానివే విన్నావన్నమాట" అన్నాడు. ఆ మాట నెమ్మదిగా అన్నాడు, నాకు వినపడకూడదని కాబోలు. తన గొంతు ఎంత ఉందో ఆయనకి ఇప్పుడు తెలుస్తోంది.

ఆవిడ చేతిసంచీలో ఏదో వెతుక్కుంది. అందులో వెతకాల్సిందేమీ లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. తిడతాడని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గోడని ఎప్పుడైనా ముట్టుకున్నావా నువ్వు?"

"లేదన్నయ్యా."

"పన్నెండేళ్ళు రోజుకి రెండుసార్లు దాని గురించి చెప్పావు. ఒక్కసారి ముట్టుకోలేదు."

"లేదు."

"రా."

బ్యాంకు పక్క సందులోంచి ఏటి గట్టుకి మెట్లున్నాయి. కర్ర టక్కుటక్కుమంటూ ఆయన ముందు దిగాడు, నేను వెనక. ఆవిడ సంచీలోంచి ఓ పాత కాగితం తీసి మెట్టు మీద పరుచుకుని కూర్చుంది. నీళ్ళు తగ్గి ఉన్నాయి, గోడ అడుగు కనిపిస్తోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి రాతి మీద పెట్టి నొక్కాడు. అతుకుల్లో గోరు దూరదు. రాయి మధ్యాహ్నం ఎండకి ఇంకా వెచ్చగా ఉంది.

"ఇది మొదటి వరస. ఇక్కణ్ణుంచి పైకి ఇరవై రెండు. ఒక్కో వరసా కింది దానికంటే వేలెడు ముందుకొస్తుంది, పన్నెండో వరస దాకా. తర్వాత వేలెడు వేలెడు వెనక్కి పోతుంది. తాగినవాడు వేలెడు కొలవగలడా?"

"కొలవలేడు."

"గట్టిగా చెప్పు, ఇప్పుడు వినిపిస్తుంది నాకు."

"కొలవలేడన్నయ్యా!"

మూడో వరసలో ఉండగా రేవులోంచి మా లాంచీ హారన్ వినిపించింది. ఐదవుతోంది. మా బావమరిది రెండోసారి కొట్టాడు, మూడోసారి చెయ్యి తియ్యకుండా నొక్కిపెట్టాడు. ఆ హారన్‌లో వాడు నన్నేమంటున్నాడో నాకు అక్షరం అక్షరం అర్థమైంది.

"వెళ్ళాలా?" అన్నాడు మేస్త్రీ.

"ఆయన మొదలుపెడితే పొద్దుపోతుంది, చూస్కో" అంది ఆవిడ మెట్టు మీదనుంచి. ఆ గొంతులో కోపం పోయిందో లేదో నేను చెప్పలేను.

మిగతా రాళ్ళన్నీ బారెడేసి పొడుగున ఉన్నాయి. నాలుగో వరసలో నా చేతికింద ఉన్న రాయి మాత్రం జానెడే ఉంది. దాని చుట్టూ అతుకు వేలితో తడిమి చూశాను.

"ఇదెందుకన్నయ్యా చిన్నది?" అని అడిగాను.